రాజారావు ఊరికే అన్న మాట

జీవరత్నం మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అమెరికాలో, ఈ శాంటా క్లారాలో లక్షణమైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి మా తెలుగు చర్చికి పాస్టరుగా ఎవడొస్తాడండీ? ఏదో మతలబు ఉండే ఉంటుందనుకున్నాను.

అతన్ని ఏరికోరి తెచ్చింది చర్చి చైర్మన్ రాజారావు. ఇద్దరూ ఒకే కారులో ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు. ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకున్నంత స్నేహం. రాజారావు ఏమన్నా జీవరత్నం తలాడించేవాడు, అదీ అసలు సంగతి. పాస్టరయ్యాక అతని వీసా చర్చి పేరు మీదికి మారింది. చర్చి వద్దంటే అతనూ, భార్య రజినీ, పిల్లలూ పెట్టెలు సర్దుకోవాల్సిందే.

నేను కాకినాడలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఇప్పుడు ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నాను. వెనకటికి ఇంగ్లండులో ఒక రాజు, తన మాట వింటాడని ప్రాణస్నేహితుణ్ణి ఆర్చిబిషప్పును, అంటే దేశంలో చర్చిలన్నిటికీ పెద్దను చేశాడు. పీఠం ఎక్కాక ఆ స్నేహితుడు ఎదురు తిరిగాడు, ఇకపై దేవుడి మాటే వింటానన్నాడు.

ఇక్కడా అదే వరస. జీవరత్నం బ్యాడ్మింటన్ మానేశాడు. రాజారావు ఇంటి విందులకు రావడం మానేశాడు. "వీడు సొంత చర్చి పెడతాడు చూడు, సగం మందిని లాక్కుపోతాడు," అన్నాను మా అమ్మాయితో. చీలకుండా ఉన్న తెలుగు చర్చి ఎక్కడుంది గనక.

నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల నాడు తేలింది. రొట్టె పళ్ళెంతో వస్తున్న జీవరత్నం రాజారావు మేనల్లుడు సునీల్ ముందు ఆగాడు. సునీల్ భార్యను కొడితే ఇంటికి పోలీసులొచ్చిన సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

"ముందు వెళ్ళి చెల్లెమ్మ దగ్గర తప్పు ఒప్పుకో తమ్ముడూ. ఆ తర్వాత బల్ల దగ్గరికి రా," అని మెల్లగా చెప్పి, రొట్టె ఇవ్వకుండానే ముందుకు సాగాడు.

సరిగ్గా వాళ్ళ వెనక వరసలో కూర్చున్న నేను విన్నాను. వీసా ఎవరి చేతిలో ఉందో తెలిసి కూడా ఆ మాట అన్న మనిషికి మతలబేమిటి? నా అనుమానం అక్కడే చచ్చింది. దాని చోట భయం పుట్టింది.

ఆ వారం రాజారావు ఇంట్లో చర్చి కమిటీ వాళ్ళకు భోజనాలు, పెద్దదాన్నని నన్నూ పిలిచారు. బిర్యానీ వడ్డిస్తూనే ఉడికిపోతున్నాడు.

"నేను తెచ్చి కూర్చోబెట్టినోడు నా పరువే తీశాడు. ఇంతమంది ఉన్నారు, వీడి పీడ వదిలించేవాడు ఒక్కడూ లేడా?"

కమిటీ సభ్యులిద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ప్లేట్లు అక్కడే పెట్టి లేచారు. నాకు ఆ ఇంగ్లండు రాజు గుర్తొచ్చాడు. అతను కూడా కోపంలో ఇలాంటి మాటే అన్నాడంటారు. విన్నవాళ్ళలో నలుగురు కత్తులు పట్టుకుని బయల్దేరి, ఆ ఆర్చిబిషప్పును చర్చిలోనే నరికేశారు.

"రాజారావూ, వాళ్ళను వెనక్కి పిలు," అన్నాను.

"ఊరికే అన్నాను టీచర్ గారూ. మీరు తినండి."

ఈ కాలంలో కత్తులెందుకు? ఈ పాస్టరు మాకు అక్కర్లేదని మర్నాడే ఆ ఇద్దరి పేరుతో వీసా లాయరుకు ఈమెయిల్ వెళ్ళింది. పిల్లల్ని బడి మధ్యలో మాన్పించి జీవరత్నం కుటుంబం హైదరాబాద్ విమానం ఎక్కింది.

పోయిన ఆదివారం రాజారావు అందరి ముందూ మోకాళ్ళ మీద పడి వెక్కివెక్కి ఏడ్చాడు. "తోడబుట్టినోడి లాంటోణ్ణి పోగొట్టుకున్నా. నేను పంపమనలేదు," అన్నాడు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత కొత్త పాస్టరు రొట్టె పళ్ళెం పట్టుకొచ్చాడు. రాజారావుకు ఇచ్చాడు. పక్కనే కూర్చున్న సునీల్‌కూ ఇచ్చాడు. రాజారావు చూసి తల దించుకున్నాడే గాని, వద్దనలేదు.

పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. నేను చేయి చాచలేదు.