ఇరవై రెండు డ్రమ్ముల కాపలా

తెల్లాపూర్‌లో దిగింది జూన్ నెలలో, పొద్దున ఆరుంబావుకు. సన్న వాన. భుజాన పాత కిట్‌బ్యాగు. అందులో రెండు జతల బట్టలు, టార్చి, స్టీలు మగ్గు. ఫౌజు వదిలి ఆరేళ్లయినా, గేటు ముందు నిలబడితే చెయ్యి తనంతట తానే సెల్యూట్‌కు లేస్తుంది. ఆ రోజు నా సెల్యూట్ అందుకున్నది ఆటోమేటిక్ బ్యారియర్. బదులుగా అదీ లేచింది కాబట్టి మర్యాదకు లోటు రాలేదు.

నా పోస్టు రెండో బేస్‌మెంటు. పైన పన్నెండేసి అంతస్తుల బ్లాకులు ఐదు. కింద, నీళ్ల పంపుల పక్కన ఇరవై అడుగుల గది. కిటికీ లేదు. గోడ మీద చెయ్యి పెడితే చెమ్మ తగిలేది. దానికి బంకర్ అని పేరు పెట్టుకున్నాను.

ఆర్డరు ఇచ్చింది కాలనీ సెక్రటరీ. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"హవల్దార్ గారూ, మొదటి లాక్‌డౌన్‌లో మనవాళ్లు ఉల్లిపాయల కోసం చందానగర్ దాకా నడిచారండి. క్వార్టర్స్‌లో స్టాఫ్ అయితే నాలుగు రోజులు గంజితో గడిపారు. మళ్లీ సరుకులు ఆగిపోతే అలా జరగకూడదండి. మీరు మంచుకొండల్లో ఏం చేసేవారో ఇక్కడా అదే చేయండి."

అదే చేశాను. తప్పంతా అక్కడే జరిగింది.

సిబ్బంది, కుటుంబాలు కలిపి అరవై మంది. మనిషికి నెలకు పన్నెండు కిలోల చొప్పున మూడు నెలలకు రెండు వేల నూట అరవై కిలోల బియ్యం. వంద కిలోల నీలం డ్రమ్ములు ఇరవై రెండు. చెక్కల మీద నిలబెట్టాను. మూతలకు టేపు చుట్టి, తేదీ వేసి, సంతకం పెట్టాను. సరిహద్దు పోస్టులో నేను కంపెనీ స్టోర్ హవల్దారుని. నవంబరులో దారి మూసుకుంటే మళ్లీ మే నెలలోనే తెరుచుకునేది. రిజర్వ్ సరుకు ఆర్డరు లేకుండా ముట్టకూడదు. రెండు చలికాలాల్లో నేనిచ్చిన డబ్బా మూత తీసి చూసుకున్న జవాను ఒక్కడూ లేడు. నా సంతకమే వాళ్లకు సరుకు. పెన్షన్ కంటే నాకు ఆ నమ్మకమే ఎక్కువ.

ఇక్కడా అది తొందరగానే దొరికింది. గేటు సూపర్‌వైజర్ సంగారెడ్డి వైపు మనిషి. భార్యా ఇద్దరు పిల్లలతో క్వార్టర్స్‌లో ఉండేవాడు. మొదటి వారమే అన్నాడు.

"సాబ్, నీ సీలుంటె మాకు ఇగ ఫికర్ లేదు. మూత గూడ తెర్వం."

ఆ రోజు బేస్‌మెంటులో కూడా నా ఛాతీకి ఎండ తగిలింది.

మూడో వారం ఓబులమ్మ వచ్చింది. సి బ్లాకు నాలుగో అంతస్తు. భర్తకు ప్లాట్ల వ్యాపారం. అనంతపురం పక్క పల్లెలో వానలు లేని ఏళ్లు చూసి పెరిగిన మనిషి. డ్రమ్ముల చుట్టూ ఒక రౌండు వేసింది, తనిఖీకి వచ్చిన బ్రిగేడియర్ లాగా.

"ఏంన్నా, కొత్త బియ్యమా పాతవా? ఎండబెట్టినావా?"

"రిజర్వ్ స్టాక్ మేడమ్. సీల్ అయింది."

"మూసిపెడితే లోపల అవి సంసారం పెడతాయన్నా. రోజూ తీసి వండుకుంటా, మళ్లా నింపుకుంటా ఉండాల. వేపాకన్నా ఎయ్యి."

"అమ్మా, నేను పదిహేడు వేల అడుగుల ఎత్తుల స్టోర్ నడిపిన."

"ఆడ పురుగుకు చలి. ఈడ పురుగుకు పండగ."

అక్కడ మైనస్ ఇరవైలో మనిషే పురుగులా ముడుచుకునేవాడు. ఇక పురుగు బతికేదెక్కడ? ఆ మాట నాకు ఆ క్షణమే తట్టింది. తట్టినా తల వంచలేదు.

అప్పటి నుంచి కాలనీ మొత్తం ఆమె ఇంటికే నడిచింది. ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టిన కందులు, వేపాకు వేసిన జొన్నలు, రాగుల డబ్బాలు. ఎట్లా దాచాలో నేర్పేది. పదిరోజులకోసారి దాచినవే తీసి వండించేది. ఒక ఆదివారం పదకొండు గంటలకు వాకీటాకీ మోగింది.

"స్టోర్, స్టోర్, గేట్ వన్. సి బ్లాక్‌ల మస్తు మంది జమైండ్రు. ఓవర్."

"ఎందుకట? ఓవర్."

"ఒడియాలు పెట్టుడు చూపెడుతున్నదట సాబ్. మా ఇంటిది గూడ పోయింది. నువ్వు గిట్ల పోతవా? ఓవర్."

ఒడియాలకు నేను ఓవర్ చెప్పలేదు. మెట్లెక్కి దూరం నుంచి చూశాను. ఆమె గుమ్మం ముందు పద్నాలుగు జతల చెప్పులు. నా బంకర్ ముందు ఒకే జత ఉంటుంది, అదీ నాదే. కడుపులో మంట మొదలైంది. శేరిలింగంపల్లిలో డాక్టరుకు చూపించుకుంటే కారం తగ్గించమన్నాడు. సి బ్లాకులో ఒక అంతస్తు తగ్గించమని రాసి ఉంటే గుణం కనిపించేది.

సెప్టెంబరులో, ఒక మధ్యాహ్నం రెండున్నరకు, పదకొండో డ్రమ్ము నుంచి ముక్క వాసన వచ్చింది. టేపు కోసి మూత తీశాను. బియ్యం తుట్టెలు కట్టాయి. చెయ్యి పెడితే మణికట్టు దాకా ముక్కుపురుగులు పాకాయి. అప్పటికి టైముంది. నాలుగు అంతస్తులు ఎక్కి "అమ్మా, నీ మాటే నిజం" అంటే సరిపోయేది. నాలుగు అంతస్తులే. పదిహేడు వేల అడుగులు ఎక్కినవాడిని, అవి ఎక్కలేకపోయాను. కొత్త టేపు చుట్టాను. కొత్త తేదీ వేశాను. సంతకం మాత్రం పాతదే పెట్టాను. పురుగు బియ్యంలోనే ఉందనుకున్నాను అప్పటికి.

జనవరిలో మళ్లీ కరోనా జ్వరాలు మొదలయ్యాయి. క్వార్టర్స్‌లో ఒక్క వారంలో పదకొండు మంది పడ్డారు. గేటు సూపర్‌వైజర్ భార్యా పిల్లలు అందులో ఉన్నారు. అతను గేటు గదిలోనే పడుకుంటున్నాడు. కమిటీ గేటు పది రోజులు మూసేసింది. బయటి బండి లోపలికి రాకూడదు. ఆ పొద్దున పొగమంచు. ఎనిమిదింబావుకు వాకీటాకీలో సెక్రటరీ.

"స్టోర్, స్టోర్. రిజర్వ్ ఓపెన్ చేసేయండి హవల్దార్ గారూ. మధ్యాహ్నం వంట దానితోనేనండి. ఓవర్."

నలభై నిమిషాలు డ్రమ్ములు తెరుస్తూ పోయాను. ఇరవై రెండులో పందొమ్మిది పాడు. మిగతా మూడు పాడవడానికి సిద్ధం. వాకీటాకీ తీసుకున్నాను. అది కాలనీలో గార్డులందరికీ వినపడే లైను.

"స్టోర్. బియ్యం పురుగు పట్టింది. సెప్టెంబరు నుంచి నాకు తెలుసు. ఓవర్."

అటు నుంచి గరగరమని శబ్దం. తర్వాత గేటు సూపర్‌వైజర్ గొంతు.

"నీకు ఎరుకేనా, సాబ్?"

ఓవర్ అనలేదు అతను.

నాలుగు అంతస్తులు ఎక్కాను. లిఫ్టు ఉంది. మెట్లే ఎక్కాను. ఓబులమ్మ మాస్కు సర్దుకుంటూ తలుపు తీసింది.

"అమ్మా, నువ్వన్నదే అయింది."

"ఎంతుండాది?"

"మొత్తం."

తిడుతుందని నిలబడ్డాను. తిట్టి ఉంటే తేలికపడేవాడిని.

"ఎండొస్తాది పది గంటలకు. తెచ్చి ఆరబొయ్యి. పురుగుపట్టిన బియ్యం చెరిగి, కడిగి తింటే ఎవురూ సచ్చిపోరన్నా. దాచిపెట్టినోడే సగం సచ్చినాడు చూడు." తలుపు పూర్తిగా తీసింది. "నీళ్లు తాగుతావా?"

పదకొండుకల్లా సి బ్లాకు ఇళ్ల నుంచి రాగిపిండి పోగైంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అరవై మందికి రాగి సంగటి, కందిపప్పు. నాకూ పెట్టారు. రుచిగా ఉంది. ఎంత రుచిగా ఉందంటే నాకు ఇంకా కోపం వచ్చింది. కడుపు నిండింది, మంట మాత్రం ఆరలేదు.

టెన్నిస్ కోర్టు మీద పట్టాలు పరిచి మూడు రోజులు బియ్యం ఆరబోశాం. నేను చెరిగాను, జల్లించాను, ఏరాను. పదో రోజు గేటు తెరిచారు. ఎవరూ చావలేదు. మార్చిలో కమిటీ స్టోర్ తాళాలు ఓబులమ్మకు ఇప్పించింది. నన్ను ఉండమన్నది కూడా ఆమే. కాదన్నాను, ఆ మాత్రం గొప్ప మిగుల్చుకున్నాను. కిట్‌బ్యాగు సర్దుకుని చందానగర్‌లో మా కిరాయి ఇంటికి తిరిగొచ్చాను. తొమ్మిది నెలల డ్యూటీ.

మంచులో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. వాళ్లు కలలోకి రారు. వచ్చేది మధ్యాహ్నపు ఎండలో టెన్నిస్ కోర్టు. గేటు సూపర్‌వైజర్ క్వార్టర్స్‌కు సరుకు మోయడానికి వచ్చాడు. ఓబులమ్మ పిండి సంచి ఇచ్చింది. మూతి విప్పకుండా భుజాన వేసుకున్నాడు. నేను రెండుసార్లు ఏరిన బియ్యం సంచి ఇచ్చాను. దాన్ని కింద పెట్టాడు. మూతి విప్పాడు. నా ముందే గొంతుకూర్చుని, పిడికెడు తీసి అరచేతిలో పరుచుకుని, ఒక్కో గింజా వేలితో పక్కకు జరుపుతూ చూశాడు.