అమ్మ ఎంచిన అంజూర

నా చిన్నప్పుడు రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో చెట్లు కూడా నూనె డబ్బాల్లోనే పెరిగేవి. ఎప్పుడు బదిలీ వచ్చినా వెంట తీసుకుపోవచ్చని అందరూ అలాగే పెంచేవారు. మా నాన్న గూడ్సు బండి గార్డు, అమ్మ నర్సు. అమ్మ పెట్టిన అంజూర కొమ్మ కూడా మా పెరట్లో డబ్బాలోనే వేళ్లూనింది.

ఆ కొమ్మ అమ్మతో ఆసుపత్రిలో పనిచేసే పక్కింటి సిస్టరమ్మ ఇచ్చింది. ఆవిడ దగ్గర రెండు రకాలుండేవి. ఒకదానికి ఊదారంగు పెద్ద కాయలు, ఇంకోదానికి గోధుమరంగు చిన్న కాయలు. నాకు పెద్దదే కావాలని గొడవ చేశాను. "అది వానకి పగిలిపోద్దే, చీమలు పట్టేస్తాయి. ఇది చిన్నదైనా తీపి నిలుస్తాది" అని అమ్మ చిన్నరకమే తెచ్చింది. గుర్తుపట్టడం కూడా నేర్పింది. చిన్నరకం ఆకు ఐదు వేళ్లుగా లోతుగా చీలి ఉంటుంది, పెద్దరకం ఆకు ఇంచుమించు గుండ్రం.

ఆ ఏడు చలికాలం మొదట్లో అమ్మ జ్వరంతో పోయింది. నాకు తొమ్మిదేళ్లు. ఏడుపు రాలేదు. బడికి వెళ్లాను, అన్నం తిన్నాను, ఎక్కాలు అప్పజెప్పాను. ధైర్యం గల పిల్ల అన్నారందరూ. ధైర్యమూ లేదు, పాడూ లేదు. లోపల ఏమీ కదల్లేదంతే.

తర్వాత అంజూర ఆకులన్నీ రాలిపోయాయి. చలికి దానికది మామూలేనని నాకు చెప్పేవాళ్లు లేరు. చచ్చిపోతుందేమోనని పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు నీళ్లు పోశాను. ఒకరోజు పట్టుకుంటే మొక్క ఊడి చేతికొచ్చింది. వేళ్లన్నీ కుళ్లిపోయాయి. అమ్మ చెట్టును నేనే చంపాను. దాన్ని మళ్లీ మట్టిలో గుచ్చి, నిలబెట్టి, ఇంట్లోకి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. అప్పుడూ ఏడవలేదు.

కొన్నాళ్లకు బడి నుంచి వచ్చేసరికి నాన్న పెరట్లో ఉన్నారు. "ఇటు రా బేటా. అమ్మ చెట్టు బతికింది, చిగురేసింది చూడు" అన్నారు. చూశాను. విప్పుకున్న రెండాకులూ గుండ్రంగా ఉన్నాయి. పాపం, ఆయనకు ఆకుల్లో తేడా తెలియదు. సిస్టరమ్మ ఇంట్లో దొరికింది తెచ్చి నాటేశారు. గోళ్లలో మట్టి కూడా పోలేదు. "అవును నాన్నా, బతికింది" అన్నాను.

మరుసటి ఏడు వానలకు కాయలు పగిలాయి. నాన్న ఒక కాయకు పట్టిన చీమలు దులిపి, సగం నాకిచ్చి, "మీ అమ్మ ఏరికోరి తెచ్చిన రకం" అన్నారు. అది అమ్మ వద్దన్న రకం. చప్పగా ఉంది. "తియ్యగా ఉంది నాన్నా" అన్నాను. ఆయన మొహం అటు తిప్పుకున్నారు. అమ్మ పోయిందని నాకప్పుడు తెలిసింది.

దుఃఖంలో ఉన్న మనిషి నా చేతిలో పెట్టినదాన్ని నేను ఇప్పటికీ తరచి చూడను. నాన్న పోయేదాకా ఆయన దగ్గర ఆ సంగతి ఎత్తలేదు. మొక్క మార్చినట్టు నాకు తెలుసని ఆయనకు తెలుసో లేదో, ఇన్నేళ్లయినా నాకు తెలియదు.