లెక్కలోకి రాని మొదటి జీతం

మేట్టుపాళయంలో నేను పనిచేసే కంపెనీ మూతపడినప్పుడు నాకు మూడు నెలలు నిరుద్యోగ భృతి వచ్చింది. అంతకుముందు జీతంలో బీమా కింద పట్టుకున్నారు గనుక పని పోయినవాళ్లకు బీమా ఆఫీసు ఇచ్చే డబ్బు అది. లాస్‌పేటలో మా ఇంటి అద్దె, బియ్యం, పాప ఫీజు దానితోనే గడిచాయి. మా అనుదినాహారం దేవుడు ఆ దారిన పంపుతున్నాడని రోజూ స్తుతించేదాన్ని.

మూడో నెల మొదట్లో ఒక సబ్బుల కంపెనీలో పని దొరికింది. మా సంఘంలో కొత్త పనిలో చేరినవాళ్లు మొదటి జీతం మొత్తం దేవునికి ప్రథమ ఫలంగా ఇస్తారు. ఆ జీతం మనది కాదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. నెలాఖరున బ్యాంకులో పడిన డబ్బు పడినట్టే తీసి, పేరు రాయని కవరులో పెట్టి కానుకల సంచిలో వేశాను. ఇచ్చింది రహస్యంగా ఉండాలనీ నేర్చుకున్నాను కాబట్టి మా ఆయనకు చెప్పలేదు. ఆయన క్రిస్మస్‌కు తప్ప సంఘానికి రాడు. మొదటి నెల జీతం కంపెనీ పట్టి ఉంచుకుని ఉంటుందని తనే అనుకున్నాడు.

మూడో నెల భృతి కాగితం ఆయనే నింపాడు. సంపాదన ఏమైనా ఉందా అన్న చోట పెన్ను ఆపి నన్ను అడిగాడు. నాకేమీ రాలేదన్నాను. నా మనసులో అది అబద్ధం కాదు.

కొన్నాళ్లకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పనిలో చేరిన సంగతి దాచినందుకు మూడు నెలల డబ్బూ తిరిగి కట్టాలి, లేకపోతే జీతంలో పట్టమని కంపెనీకి రాస్తారు. ఇంకా పర్మినెంటు కాని నాకు అలాంటి ఉత్తరం వెళితే పని ఉండదు.

మా ఆయన తన లోడు ఆటోలోనే నన్ను ఆఫీసుకు తీసుకెళ్లాడు. దారంతా పాఠం చెప్పాడు.

"జీతం చేతికే రాలేదని గట్టిగా చెప్పు. ఆడికి పోయి బైబిలు వాక్యం ఎత్తుకోబాక."

నేను లోలోపల ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను. ఆయన చెప్పమన్నది అబద్ధం. నిజం చెబితే దేవునికీ నాకూ మధ్య ఉన్నది బయట పడుతుంది. నోరు మూసుకుంటే మూడు నెలలూ నెత్తిన పడతాయి.

మా ఫైలు చూసే మేడమ్ యానాం నుంచి బదిలీ మీద వచ్చిందట. తమిళంలో కాకుండా మాతో తెలుగులోనే మాట్లాడింది. పొరపాటైతే ఆ ఒక్క నెలదే కట్టించుకుంటామని, కావాలని దాచినట్టు తేలితే మూడూ తప్పవని చెప్పి, ఆ నెల జీతం అందిందా అని నన్ను అడిగింది.

"యాడందింది మేడమ్, కంపెనీవోళ్లే పట్టుకున్నారు" అన్నాడు మా ఆయన.

కంపెనీ ఇచ్చినట్టు చూపించిందని ఆవిడ అంది. అయితే కంపెనీయే అబద్ధమాడుతోందని ఆయన గొంతు పెంచాడు. సరే, వాళ్లనే అడుగుదామని ఆవిడ ఫోను అందుకుంది.

నేను అడ్డం పడ్డాను.

"ఫోన్ చేయొద్దు మేడమ్. జీతం వచ్చింది. దేవునికిచ్చేశాను."

ఆవిడ రసీదు అడిగింది. లేదన్నాను. ఎవరైనా చూశారా అంది. చూడకూడదనే అలా వేశానన్నాను. ఆవిడ నన్ను వదిలి మా ఆయన వైపు చూసింది. ఆయన నా వైపు తిరిగాడు.

"మొత్తమా?" అన్నాడు.

"మొత్తం."

"టైరుకి దుడ్డు లేక బండి నిలిపేసి ఇంట్లో కూసున్నానే. అప్పుడా?"

తల ఊపాను.

మేడమ్ ఫోను కింద పెట్టేసింది. "ఈయనకే తెలీదన్నమాట" అంది, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత నాతో, "దేవుడికిచ్చినా జీతం జీతమేనమ్మా. ఆ నెలది కట్టాలి" అంది.

జరిగింది నా చేతితోనే రాసిమ్మంది. డబ్బు మిగుల్చుకోవాలని దాచింది కాదు, పొరపాటేనని పైవాళ్లకు తాను రాస్తానని, మిగతా రెండు నెలల జోలికి రారని చెప్పింది. నాలుగు వాయిదాలు అడిగాను. మూడు చేసుకోమంది.

సంతకం పెడుతుంటే మనసు నిలవలేదు. పదిమందికి చెప్పుకున్న ధర్మానికి ఫలం ఇక్కడే ముట్టిపోతుందని నాకు నేర్పారు. కట్టక్కర్లేకుండా మిగిలిన ఆ రెండు నెలల డబ్బే నా ఫలమైపోయిందా? ఇంటికి వెళ్లాక మోకరించి ఇదే అడగాలనుకున్నాను.

బయట ఆటో దగ్గర మా ఆయన తాళం తీసి నా వైపు తిరిగాడు.

"నన్నడిగుంటే వద్దంటానా ఏందే?"

"అంటావు."

ఆయన ఆలోచించాడు.

"అంటాను" అని బండి ఎక్కాడు. నేను పక్కన కూర్చున్నాను.