గెట్టు రాయి కింద బొగ్గులు

“ఇంట్ల మొగోళ్ళు ఎవరన్న ఉంటే పంపమ్మా, వాళ్ళతోని మాట్లాడుత.”

ఈ మాట అన్న మనిషి ఇప్పుడు నన్ను చూస్తే బండి ఆపి నమస్తే పెడతాడు. నేను తల కూడా ఊపను. నమస్తేతో చెరిగిపోయే మాట కాదది.

శంషాబాద్ పక్క ఊళ్ళో మా బాపు నా వాటాకు ఇచ్చిన చిన్న చెలక ఉంది. అందులో పాలకూర, కొత్తిమీర, మెంతికూర వేస్తాను. విమానాలు మా మడుల మీదుగానే దిగుతాయి. పక్క చెలక ఒకప్పుడు మా బాపు దోస్తుది. ఆయన పోయాక కొడుకులు అమ్మారు. కొన్నవాళ్ళు మళ్ళీ అమ్మారు. చివరికి అది ప్లాట్ల వెంచర్ అయింది. దాని చుట్టూ ప్రహరీ కట్టించడానికి వచ్చిన సూపర్‌వైజరే ఆ మాట అన్నవాడు.

రాజేంద్రనగర్‌లో మా చెల్లెలి ఇంట్లో ఫంక్షన్‌కు పోయి తిరిగొచ్చేసరికి రెండు చెలకల మధ్య ఉండే గెట్టు లేదు. మోకాలెత్తు మట్టి కట్ట అది. పొక్లెయిన్‌తో దాన్ని చదును చేసి, పైన ఎర్ర మొరం పోశారు. గెట్టు ఒక కొన రోడ్డు పక్కన పెద్ద బండ దగ్గర మొదలవుతుంది. ఆ బండను కదిలించడం ఎవరివల్లా కాదు కాబట్టి అది అలాగే ఉంది. రెండో కొనలో హద్దు రాయి ఉండాలి. అది లేదు. బండ దగ్గర మొదలైన తెల్లటి సున్నం గీత, రాయి ఉండాల్సిన దిక్కుకు పోకుండా ఏటవాలుగా వచ్చి నా పాలకూర మడుల మీదుగా పోయింది. ప్రహరీ పునాది ఆ గీత వెంట తవ్వుతారట.

రాయి ఏదని అడిగితే సూపర్‌వైజర్ ఫోన్ చూసుకుంటూ, ఈడ రాయి గీయి ఏం లేకుండె అన్నాడు. ఉందని నేనన్నాను. అప్పుడే మగవాళ్ళను పంపమన్నాడు. ఇంతలో పైన విమానం దిగింది. ఆ మోతలో నేను చెప్పింది అతనికి వినబడలేదు. వినబడనట్టే వెళ్ళిపోయాడు.

సర్వే కోసం మండలాఫీసులో దరఖాస్తు పెట్టాను. వస్తరన్నారు. ఎప్పుడని అడిగితే వచ్చినప్పుడన్నారు. ఆ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను. కానీ సర్వేయర్ వచ్చేదాకా పునాది ఆగదు. గోడ లేచాక మా ఊళ్ళో ఏ గోడా కూలినట్టు నేను చూడలేదు. గోడ లేవకముందే హద్దు ఎక్కడుందో చూపించాలి.

దానికి నా దగ్గర ఒక ఆధారం ఉంది.

ఆ రాయి పాతిన రోజు నేను అక్కడే ఉన్నాను. మా బాపు, ఆయన దోస్తు కలిసి గుంత తవ్వారు. రాయి దించేముందు బాపు మా పొయ్యిలో బొగ్గులు, దోస్తు వాళ్ళ పొయ్యిలో బొగ్గులు తెచ్చి అడుగున పోశారు. వాటి మీద కుండ పెంకులు బోర్లించారు. ఆ పైన రాయి నిలబెట్టారు. రెండిళ్ళ బొగ్గులు ఎందుకని నేనడిగాను.

“రేపు ఒకడు కాదంటే ఇంకొకడు ఔననాలె కద బిడ్డా,” అన్నాడు బాపు. “రాయికి కాళ్ళొస్తయి. బొగ్గుకు రావు. మట్టిల ఎన్నేండ్లున్నా అది కుళ్ళదు.”

ఈ సంగతి సూపర్‌వైజర్‌కు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర, నలుగురిలో చెప్పాను. అతను గ్లాసు బెంచీ మీద పెట్టి మరీ నవ్వాడు.

“బొగ్గులా? పెద్దమ్మా, నిజంగ ఉంటే ముందుగాల్నే చెప్పొద్దా? ప్లాట్లు ఇడిసిపెట్టి గని తవ్వుకుందుము!”

బెంచీ మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు. అందులో ఒకడు మరునాడే వచ్చి కొత్తిమీర కట్ట ఊరికే ఇమ్మన్నాడు. ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి నా కూర కోసుకొని సున్నం గీత మీదే గోనె పరుచుకుని కూర్చున్నాను. కట్టలు కట్టేది అక్కడే, తిండి అక్కడే. ధర్నా అంటారేమోనని చేతిలో పని ఎప్పుడూ ఉంచుకున్నాను. పునాది పని రోడ్డు దిక్కు నుంచి మొదలై నా వైపు వస్తోంది. కూర్చున్నదాన్ని ఊరుకోలేక పొక్లెయిన్‌ను చూశాను. నా గెట్టును మింగింది అదే కాబట్టి, అది ఎట్లా మింగుతుందో తెలుసుకోవాలనిపించింది.

దానికి టైర్లు లేవు. ఇనుప చైన్ల మీద నడుస్తుంది. పైన ఉన్న గది, ఇంజన్, చెయ్యి మొత్తం ఒక పీట మీద ఉన్నట్టు చుట్టూ తిరుగుతాయి, చైన్లు మాత్రం కదలవు. చేతికి భుజం ఉంది, మోచెయ్యి ఉంది, మణికట్టు ఉంది. మణికట్టు చివర పండ్లున్న బకెట్. మనం గడ్డపారతో దూరంగా పొడుస్తాం. ఇది చెయ్యి చాపి, పండ్లు దించి, తనవైపు లాక్కుంటుంది. బకెట్ ముడుచుకుని, పైకెత్తి, పక్కకు తిరిగి టిప్పర్‌లో వదులుతుంది. చెయ్యి చాపడం, తనవైపు లాక్కోవడం. దాన్ని పంపినవాళ్ళ పనీ అదే కదా అనుకున్నాను.

ఆపరేటర్ పాలమూరు దిక్కు నుంచి వచ్చినవాడు. గొప్పలు చెప్పడంలో అతనికి సాటి లేదు. టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా గోనె పక్కన కూర్చునేవాడు.

“బకెట్ పండ్లతోని కోడిగుడ్డు లేపుత అక్కా. పగలదు.”

“లేపి చూపెట్టు.”

“గుడ్డు తే.”

“బకెట్ నీది, గొప్ప నీది. గుడ్డు నాదెందుకు?”

అంత మోత చేసే ఇంజన్‌కు ఎంత బలమో అన్నాను ఒకసారి. నవ్వాడు.

“ఇంజన్ తవ్వదక్కా. ఇంజన్ పంపును తిప్పుతది. పంపు నూనెను పైపులల్ల తోలుతది. గా నూనె సిలిండర్ల జొరబడి లోపలి రాడ్‌ను నెడ్తది. రాడ్ నెడితె చెయ్యి లేస్తది. నేను గదిల కూసోని రెండు కట్టెలు ఆడిస్తె నూనె ఏ దిక్కు పోవాల్నో గా దిక్కు పోతది. తవ్వేది నూనె.”

“నూనె మెత్తగుంటది కద, నలిగిపోదా?”

“నలగదు. గదే దాని తాకత్. గాలైతే అణుగుతది. నూనె అణగదు. పోనీకి తొవ్వ దొరికేదాంక నెడ్తనే ఉంటది.”

ఆ మాట నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో అతనికి చెప్పలేదు.

వెనక ఆ ఇనుప దిమ్మె ఎందుకో కూడా చెప్పాడు. ముందు బరువెత్తినప్పుడు బండి బోర్ల పడకుండా ఉండటానికట. “నువ్వు బిందె సంకనెత్తుకుంటె రెండో దిక్కు ఒరగవా? గట్లనే.” గోదాముల పునాదులు, మంచినీళ్ళ పైపుల కాలువలు, చెరువు పూడిక, పాత ఇండ్లు కూల్చడం, అన్నీ చేశాడట. బండ అడ్డమొస్తే బకెట్ విప్పి బ్రేకర్ తగిలిస్తారు. అది సుత్తిలా పొడిచి పొడిచి రాయిని పగలగొడుతుంది. దాన్నీ నూనే ఆడిస్తుంది.

రోజూ పొద్దున బండి స్టార్ట్ చేసేముందు కూలీలు, ఆపరేటర్ వెంచర్ మూలన ఉన్న వేపచెట్టు దగ్గరికి వెళ్ళి దండం పెట్టుకుని వచ్చేవారు. చెట్టు కింద ఎర్ర గుడ్డ, కొబ్బరి చిప్పలు దూరం నుంచి కనిపించేవి. మైసమ్మ అన్నారు. మా ఊళ్ళో ఆ మూలన మైసమ్మ ఎప్పుడూ లేదు. ఒక రోజు నీళ్ళకు అటు వెళ్తూ గుడ్డ కొంచెం తొలగించి చూశాను.

మైసమ్మ నా హద్దు రాయి.

మా బాపు నాగలి తగిలి ఊడిన మూల అలాగే ఉంది. పసుపు, కుంకుమ కూడా నావే. విత్తనం వేసే ప్రతిసారీ ఆ రాయికి బొట్టు పెట్టడం మా అమ్మ అలవాటు, ఆమె తర్వాత నాది. నేను అక్కడి నుంచే అరిచాను. పని ఆగింది. ఆపరేటర్ పరుగెత్తుకొచ్చాడు.

“నా గెట్టు రాయిని తెచ్చి దేవతను జేసిన్రా!”

“నాకేమెరుక అక్కా! పసుపు కుంకుమ ఉండె. దేవతను మట్టిల తొక్కితె బండి బోర్ల పడదా? భయమైంది. బెల్టు ఏసి మెల్లగ లేపి, ఈడ నిలబెట్టి కొబ్బరికాయ గొట్టిన. గప్పటిసంది బండి ఒక్కసారి ఖరాబ్ గాలే తెలుసా?”

సూపర్‌వైజర్‌ను పిలిపించాను. రాయి లేదన్నవాడు ఇప్పుడు రాయి చుట్టూ తిరిగాడు.

“సరే అక్కా, రాయి ఉండె. ఏడ ఉండె? గిది చెప్పు.”

పెద్దమ్మ అక్క అయింది, అంతే. ఆపరేటర్‌ను అడిగితే ఆడ అని ఒకసారి, ఈడ అని ఒకసారి చూపించాడు. మొరం పోశాక అంతా ఒకటే తీరు. ఇక మిగిలింది బొగ్గులు.

టీ కొట్టు బెంచీ మీదివాళ్ళ ముందే మాట పెట్టాను. రాయి ఉండే కొన దగ్గర, నా మడి నుంచి వెంచర్ దిక్కుకు, సున్నం గీతకు అడ్డంగా ఒక్క కాలువ తవ్వండి. బొగ్గులు దొరికితే బండ నుంచి అక్కడికి గీత మార్చాలి. దొరక్కపోతే మీ గీతే హద్దు, నేను గోనె ఎత్తుకుని పోతాను. సూపర్‌వైజర్ బెంచీ వైపు చూసి, ఓకే అన్నాడు. ఎట్లాగూ నేను ఓడిపోతానని అతని ధీమా. నాకు మాత్రం అంత ధీమా లేదు. కాలువ కొంచెం అటో ఇటో పడితే నా మడులు నా నోటితో నేనే ఇచ్చినట్టు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

పొద్దున ఆపరేటర్ పండ్ల బకెట్ విప్పి, మురికి కాలువలు తీసే సాపు అంచు బకెట్ తగిలించాడు. పండ్లు మట్టిని చీలుస్తాయట, అంచైతే చెక్కుతుందట. కాలువ నా మడి అంచు నుంచి మొదలైంది. బకెట్ రొట్టె మీద పొర తీసినట్టు మట్టి లాగింది. ఎర్ర మొరం, సిమెంటు సంచి ముక్కలు, మళ్ళీ మొరం. సున్నం గీత దాటింది. ఏమీ లేదు. ఇంకొంచెం పోయింది. ఏమీ లేదు.

“ఇగ సాలునా అక్కా?” అన్నాడు సూపర్‌వైజర్. బెంచీ వాళ్ళంతా అక్కడికే వచ్చి నిలబడ్డారు. నేను కాలువలోకి దిగాను. అడుగున కూడా ఎర్రగానే ఉంది.

“మీరు పోసిన మట్టి తీసిన్రు. మా మట్టి ఇంక ముట్టనే లేదు. లోతుకు తియ్యి.”

“లోతుకు అని ఒప్పుకోలే కద!”

“పైపైన అని కూడ ఒప్పుకోలే. తవ్వు తమ్మీ.”

సూపర్‌వైజర్ ఏదో అనబోయాడు. విమానం వచ్చింది. ఈసారి మోత నాకు పనికొచ్చింది. అతని మాట వినబడకముందే ఆపరేటర్ కట్టె ఆడించాడు. కాలువ మొదటి నుంచి మళ్ళీ చెక్కుతూ వచ్చాడు. ఎరుపు పోయి గోధుమరంగు తడి మట్టి వచ్చింది, మా చెలక మట్టి. గీత దాటి ఒక అంగ దూరం పోయాక బకెట్ ఆగింది. అతనే ఆపాడు. కాలువ గోడలో నల్లటి పట్టీ, దాని మీద కుండ పెంకు అంచు.

నేను వేళ్ళతో తవ్వి తీశాను. బొగ్గు. నలిపితే చెయ్యి నల్లగా అయింది. పెంకులు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.

“ఎవడో అన్నం వండుకున్నడేమో,” అన్నాడు సూపర్‌వైజర్. గొంతులో మునుపటి ఊపు లేదు.

పైనుంచి ఆపరేటర్ తల బయటపెట్టాడు. “కాదు సార్! గా రాయి లేపినప్పుడు అడుగు నల్లగుండె. ఊదు పొగ మసి అనుకున్న. అందుకే దేవతనే అని ఖాయం జేసిన!”

చెట్టు కింది రాయి తీసి చూశారు. అడుగు నలుపే. గుంత వెడల్పూ, రాయి వెడల్పూ ఒకటే. బెంచీ వాళ్ళు నవ్వారు. ఈసారి ఎవరిని చూసి నవ్వారో కూడా గుర్తుపెట్టుకున్నాను. కూలీల కోసం చెట్టు కింద వేరే రాయి నిలబెట్టమన్నాను. వాళ్ళకు ఆ మూలన మొక్కు అలవాటైంది. దానితో నాకు తగువు లేదు.

సున్నం గీత చెరిపి కొత్తగా వేశారు. రాయిని బెల్టుతో దించబోతుంటే ఆగమన్నాను. మా ఇంట్లో ఇప్పుడు గ్యాసు పొయ్యి. ఇస్త్రీ బండి దగ్గర అడిగి బొగ్గులు తెచ్చాను. అవతలి దిక్కు బొగ్గులు వాళ్ళే తేవాలన్నాను. సూపర్‌వైజర్ గొణుక్కుంటూ వెళ్ళి మక్కకంకులు కాల్చే బండి దగ్గర దోసెడు తెచ్చాడు.

“పాతయి ఉన్నయి కద, మళ్ళ ఎందుకక్కా?”

“రేపు కాదననీకి నువ్వున్నవ్ కద తమ్మీ.”

తన చేత్తోనే వేయమన్నాను. వేశాడు. పెంకులు బోర్లించి రాయి నిలబెట్టాక చూసుకుంటే అతని రెండు చేతులూ నల్లగా ఉన్నాయి. తెల్ల చొక్కాకు తుడుచుకోలేక అటూ ఇటూ చూశాడు. నీళ్ళ బిందె నా పక్కనే ఉంది.

“జర నీళ్ళు పొయ్యి అక్కా.”

“ఇంట్ల మొగోళ్ళు ఎవరన్న ఉంటే పంపుత. వాళ్ళు పోస్తరు,” అన్నాను. బిందె ఎత్తుకుని నా మడుల్లోకి వెళ్ళి, గీత మీద కూర్చున్నన్నాళ్ళూ ఎండిన పాలకూరకు ఆ నీళ్ళు పోశాను.