ఇంగ్లాండు స్టేషన్‌కు గడప

ఉమ్ సలాల్‌లో, మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న అరబ్బు యజమాని, అంటే మా కఫీల్ తోటలో ఒక రైల్వే స్టేషన్ ఉంది. పట్టాలు లేవు, రైలు లేదు. ఇంగ్లాండులో వారానికోసారి సంత జరిగే ఓ చిన్న ఊరి స్టేషన్‌కు అది నకలు. కఫీల్ తండ్రి కుర్రతనంలో అక్కడ చదువుకున్నాడు. ఎనభై దాటాక ఆయన నోట ఆ స్టేషన్ తప్ప మరో మాట లేదట. కొడుకు నాలుగు ఫోటోలు తెప్పించి మేస్త్రీ లింబాద్రి చేతికిచ్చాడు.

లింబాద్రిది కోరుట్ల దగ్గరి పల్లె. ఇక్కడికొచ్చి మూడేళ్ళు. వచ్చిన నాలుగు నెలలకు పుట్టిన కూతురిని ఫోన్‌లో తప్ప చూడలేదు. పెద్దాయన వచ్చి స్టేషన్ చూసుకున్న మర్నాడే సెలవు, టికెట్ ఇస్తానని కఫీల్ మాటిచ్చాడు.

ఏడు నెలలు కట్టాడు. ఎర్ర ఇటుక, చెక్క చూరు, టికెట్ కిటికీ, అన్నీ ఫోటోలో ఉన్నట్టే. తలుపు కింద ఏముందో మాత్రం ఫోటోలో కనబడదు, ఓ బల్ల అడ్డం. లింబాద్రి ఏమీ ఆలోచించకుండా జానెడెత్తు గడప పెట్టి, పసుపు రాశాడు.

"అది ఇల్లు కాదు కదన్నా, స్టేషన్" అన్నాను. నేను అక్కడ పికప్ డ్రైవర్‌ని.

"మనిషి లోపటికి పోతడు గద తమ్మీ. గడప లేకుంటె ఎట్ల?"

నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

పెద్దాయన చక్రాల కుర్చీలో వచ్చాడు. కుర్చీ గడప దగ్గర ఆగిపోయింది. ఎత్తి దాటిస్తామంటే చేత్తో వద్దన్నాడు. అరబ్బీలో ఏదో అని, కారెక్కి వెళ్ళిపోయాడు.

"ఇది ఆ స్టేషన్ కాదంటుండు" అన్నాడు సూపర్‌వైజర్ ఫసీయుద్దీన్. "అక్కడ పెట్టె గుంజుకుంట సీదా లోపలికి పోతుండెనంట. గడప ఎవరు పెట్టమన్నరు భాయ్ నీకు? యల్లా, జల్ది పగలగొట్టు. సెలవు ఆయన మళ్ళ వచ్చినంక."

గడప తీసి, లోపలా బయటా నేల సమం చేయడానికి పన్నెండు రోజులు పట్టింది. పదో రోజున పెద్దాయన ఆసుపత్రిలో చేరాడు. పదమూడో రోజున పోయాడు. తర్వాత కఫీల్ తోట ముఖం చూడలేదు.

"నా సెలవు సంగతి అడుగు భాయ్" అన్నాడు లింబాద్రి ఫసీయుద్దీన్‌తో, నెల ఆగి.

"తండ్రి పోయిన మనిషిని స్టేషన్ సంగతి ఎట్లడుగుత? ఇప్పుడు సెలవు మాఫీ, లేదంటె లేదు."

ఇంకో నాలుగు నెలలు గడిచాయి. గాలి లేస్తే ఇసుక ఆ తలుపు కింది నుంచి నేరుగా లోపలికి వస్తుంది. అడ్డం ఏమీ లేదు. స్టేషన్ శుభ్రంగా ఉంచమన్న పాత ఆర్డర్‌ను ఎవరూ రద్దు చేయలేదు. లింబాద్రి రోజూ ఊడుస్తాడు. ఇంటి నుంచి ఫోన్‌లో కూతురు పిలిస్తే, "చేతుల పని ఉన్నది బిడ్డా" అని పెట్టేస్తాడు.