ముప్పై ఏ మూలకు

బేతంచెర్లలో నాపరాళ్లు పాలిష్ చేసే ఒక ఫ్యాక్టరీలో నేను కొన్నేళ్లు సూపర్‌వైజరుగా పనిచేశాను. అక్కడ ఒక కోత మేస్త్రీ రాళ్లన్నీ తప్పుగా కోసి పని పోగొట్టుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

డిప్లొమా ముగించి చేరిన కొత్తలో, రాతిని తట్టి శబ్దాన్ని బట్టి లోపలి పగులు పసిగట్టడం ఆయనే నేర్పాడు. మధ్యాహ్నం తన జొన్నరొట్టెలో సగం నాకు పెట్టేవాడు.

కడపలో ఒక కల్యాణమండపం వాకిట్లో నల్లరాళ్లతో ముగ్గులాంటి అమరిక వేసి, మధ్యలో లంబకోణ త్రిభుజాల ఖాళీలు వదిలారు. వాటికి సరిపోయే రాళ్లు మేము కోసి పంపాలి. ఏటవాలు అంచు రెండడుగులు, ఒక మూల ముప్పై డిగ్రీలు. త్రిభుజం గీసి అంకెలు రాసి ఇచ్చాను. ముప్పై ఏ మూలకో గుర్తు పెట్టలేదు.

"ముప్పై కింది మూలకా, పై మూలకా అప్పా?" అని అడిగాడు మేస్త్రీ.

"ఏదైనా ఒకటేన్నా. ముప్పైకి సైన్ ఎంతో, అరవైకి కొసైన్ అంతే."

బడిలో బట్టీ పట్టిన పాఠమే ఆయనకు ఒప్పజెప్పాను. లంబకోణం పోగా మిగిలిన రెండు మూలలూ కలిపితే తొంభై. ఒక మూలకు ఎదురుగా ఉన్న భుజమే రెండో మూలకు పక్క భుజం. ముప్పైకి సైన్ సగం కాబట్టి, రెండడుగుల ఏటవాలుకు ఆ ఎదురు భుజం ఒక అడుగు. అరవై మూల నుంచి చూసినా అదే అడుగు.

"కొలత ఒకటేలేప్పా, రాయి ఒకటి కాదు. పాలిష్ ఒక పక్కే ఉంటాది. తిప్పేసేకి రాదు" అన్నాడు.

చుట్టూ కూలీలు వింటున్నారు. "నాకు లెక్కలు నేర్పుతాండావా? పై మూలకే పెట్టి కోసేయ్" అన్నాను. ఎవరో నవ్వారు. ఆయన నేను చెప్పినట్టే కోశాడు.

టేపు పట్టి నేనే చూశాను. ప్రతి రాయీ కొలతకు సరిగ్గా ఉంది. కడపలో మాత్రం ఒక్కటీ ఇమడలేదు. ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడిగినట్టయింది. బోర్లా తిప్పితే సరిపోతోంది కానీ గరుకు వైపు పైకి వస్తోంది.

కడప నుంచి ఫోన్ వచ్చిన మధ్యాహ్నం, అందరూ అన్నానికి వెళ్లినప్పుడు, కోత మిషన్ పక్కన మేకుకు గుచ్చిన నా కాగితం తీశాను. కింది మూలలో పెన్సిల్‌తో చిన్న వంపు గీత గీసి అందులో ముప్పై అని రాశాను. దాన్ని తీసుకెళ్లి యజమానికి చూపించాను.

ఆయన మేస్త్రీని పిలిపించాడు. "ఏమప్పా, కింది మూల అనే ఉండాది గదా. కండ్లు యాడ పెట్టుకున్యావు?"

"నేను కోసినప్పుడు ఈ గీత లేదు సార్. ఈయప్పనే అడగండి."

ఇద్దరూ నా వైపు చూశారు. "కింది మూలకని అప్పుడే చెప్పినా సార్" అన్నాను. ఆ రోజు విన్న కూలీలు తమ పని పోతుందని ముందుకు రాలేదు.

మేస్త్రీ చొక్కా తొడుక్కుని బయటికి నడిచాడు. నా పక్కన ఒక్క క్షణం ఆగాడు. "సైను, కొసైను ఒకటేనంటివి. నువ్వూ నేనూ గూడా ఒకటేననుకుంటి" అన్నాడు.

ఆ తర్వాత బేతంచెర్లలో ఎవరూ ఆయన చేతికి కోత ఇవ్వలేదు. ఎవరైనా అడిగితే, నమ్మి పని అప్పజెప్తే నన్ను ముంచాడని చెప్పేవాణ్ణి. చెప్పి చెప్పి కొన్నాళ్లకు నాకే నిజమనిపించింది.

పోయిన వేసవిలో బద్వేలు వెళ్లాను. మేస్త్రీ కొడుకు అక్కడ బండల దుకాణం నడుపుతున్నాడు. మేస్త్రీ దుకాణం ముందు నీడకు కూర్చుని ఉన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నాకెందుకు చెప్తాండావు? నాకు తెలుసు గదా. తెలియనోళ్లకు చెప్పు" అని కొడుకును కేకేశాడు. "వీనికి చెప్పు ముందు."

ఒక బండ మీద సుద్దతో త్రిభుజం గీశాను. ముప్పై నేను ఏ మూలకు పెట్టమన్నానో, తర్వాత కాగితం మీద ఏ మూలలో రాశానో చూపించాను. నలభై దాటిన ఆ కొడుకు వంగి రెండు మూలలూ చూశాడు. తండ్రి వైపు తిరిగాడు.

"ఇన్నేండ్లూ నాకెందుకు చెప్పలేదు నాయనా?"

"చెప్పినా. నువ్వు గూడా నమ్మలేదు."