ఒక్క క్లిక్‌తో మూసేసిన బావ కంపెనీ

కొన్ని కంపెనీలు నష్టాలొచ్చి మూతపడతాయి, కొన్ని పార్ట్‌నర్లు కొట్టుకుని మూతపడతాయి. మా బావ కంపెనీని మాత్రం, అది లక్షణంగా నడుస్తుండగా, ఇర్వింగ్‌లో మా డైనింగ్ టేబుల్ దగ్గర ఉప్మా తింటూ నేను మూసేశాను. ఎలాగో చెప్తాను. నవ్వుకోండి గానీ మా అక్క వినేలా నవ్వకండి. ఆవిడకి మళ్లీ గుర్తొస్తుంది.

బావ రవీందర్‌ది ఒకటే ట్రక్కు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. ఇక్కడ రాష్ట్రాలు దాటి సరుకు మోసే కంపెనీకి ఫెడరల్ వాళ్లు, అంటే కేంద్ర ప్రభుత్వం వాళ్లు, ఒక నంబర్ ఇస్తారు. రెండేళ్లకోసారి ఫామ్ నింపి "అయ్యా, మేమింకా ఉన్నాం, ఇదీ మా అడ్రస్" అని చెప్పుకోవాలి. ఏమీ మారకపోయినా చెప్పుకోవాలి.

"తెలిసినోళ్లతోని చేపిద్దాంరా, మనకెందుకు తిప్పలు" అంది అక్క.

"అక్కా, నేను బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నా. ఒక్క ఫామ్ నింపలేనా?"

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో మనిషికి రానిదంటూ ఏదీ ఉండదు.

మొదటి ప్రశ్నే, ఈ ఫామ్ ఎందుకు పంపుతున్నారని. కింద నాలుగైదు బాక్సులు. వాటిలో ఒకటి "అవుట్ ఆఫ్ బిజినెస్". ఆ వారం ట్రక్కు ఇంజిన్ పని కోసం షెడ్డులో ఉంది. నేను సెలవు పెడితే మెయిల్‌లో "అవుట్ ఆఫ్ ఆఫీస్" అని పెట్టుకుంటాను కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. గవర్నమెంట్ దగ్గర దాపరికం ఎందుకని టిక్కు పెట్టాను. "మీరు ఖచ్చితంగా చెప్తున్నారా?" అని స్క్రీన్ అడిగింది. కాసేపాగి మళ్లీ అడిగింది. మా గురించి ఇంత పట్టించుకుంటున్నారే అని ముచ్చటేసి, రెండుసార్లూ యెస్ కొట్టాను.

"అయిపోయిందా?" అంది అక్క వంటింట్లోంచి.

"అయిపోయింది!"

అంత పచ్చి నిజం నేను జన్మలో చెప్పలేదు.

కొన్ని వారాలకు బావకి కొత్త కస్టమర్ కంపెనీ ఒకటి దొరికింది. మొదటి లోడు ట్రక్కు నిండా చిన్నపిల్లల డైపర్లు. టెనెసీకి చేర్చాలి. బావ ఉత్సాహంగా బయల్దేరాడు. దారిలో అర్కాన్సాలో ట్రక్కుల బరువు తూచే చోట ఆపారు. నాకు ఫోనొచ్చింది.

"ఒరేయ్, మన కంపెనీ లేదంటున్నడురా ఈ ఆఫీసరు."

"లేకపోవడమేంటి బావా! నువ్వు దాని స్టీరింగ్ పట్టుకునే ఉన్నావుగా?"

"నేనూ గదే అన్న. మూసేసినమని మీరే రాసి పంపిన్రు అంటున్నడు. ఎవడ్రా పంపింది?"

దాచుకున్న కాపీ తెరిచాను. కింద నా సంతకమే, అందంగా ఉంది. పక్కన "మేనేజర్" అని, ఎవరూ ఇవ్వని ఉద్యోగం కూడా ఇచ్చుకున్నాను.

ఫెడరల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒక పెద్దావిడ తీసింది.

"మేడమ్, చిన్న పొరపాటు. కంపెనీ మూసేశామని పంపాను."

"మూసేయలేదా?"

"లేదండీ. అది ఇప్పుడు అర్కాన్సాలో రోడ్డు పక్కన నిలబడి ఉంది."

ఆవిడ గొంతు సవరించుకుంది. ఆ సవరించుకోవడం అరనిమిషం సాగింది. తర్వాత ఎంతో దయగా, మళ్లీ ఫామ్ పంపమనీ, నంబర్ తిరిగి బతకడానికి రెండు మూడు రోజులు పడుతుందనీ చెప్పింది.

ఈలోగా వేరే ట్రక్కు వచ్చి డైపర్లు తీసుకుపోయింది. బావని మాత్రం అక్కడే కదలకుండా ఉండమన్నారు. అక్క పులిహోర, టమాటా పచ్చడి డబ్బాలకెత్తి నా చేతుల్లో పెట్టింది.

"పో. ఆయన ముందల కూసోని నువ్వే వడ్డించు."

దారి పొడుగునా సారీ ఎలా చెప్పాలో ప్రాక్టీస్ చేసుకుంటూ ఐదు గంటలు డ్రైవ్ చేశాను. బావ క్యాబిన్‌లో కాళ్లు చాపుకుని ఉన్నాడు. డబ్బా మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "కొత్త కస్టమర్‌ను ఎంత తిరిగి పట్టిన్నో నీకెరుకేనా?" అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది.

"ఫోన్ చెయ్. ఏం జరిగిందో నువ్వే చెప్పు వాళ్లకు."

చేశాను. ఆ కంపెనీలో లోడ్లు పంపే ఆవిడకి ఉప్మాతో సహా అంతా చెప్పాను. "ఒక్క నిమిషం, స్పీకర్‌లో పెడతాను. మళ్లీ మొదట్నుంచి చెప్పు" అంది. ఆఫీసు ఆఫీసంతా విరగబడి నవ్వింది. అబద్ధం చెప్పే తెలివి కూడా లేనివాళ్లని నమ్మొచ్చనుకున్నారేమో, నంబర్ బతికిన వారానికే ఇంకో లోడు ఇచ్చారు.

కాబట్టి పాఠకులారా, సకల ఫెడరల్, స్టేట్, కౌంటీ అధికారుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పక్కనున్న మాట మూడుసార్లు చదవనిదే ఈ జన్మలో ఏ బాక్సులోనూ టిక్కు పెట్టను. ఈ ప్రమాణం కాగితం మీద రాసి సంతకం పెట్టబోతుంటే, అక్క పెన్ను లాక్కుంది.

"ఆగు. ముందు నన్ను సదవనియ్యి."